కాకికాలు కుట్టు

"విడిగా అంటే మీరేమనుకున్నారమ్మా?" అని అడిగింది లాయరమ్మ.

ఎదురుగా కూర్చున్న ఆమె తన ఒళ్ళో ఉన్న సంచి పిడిని వేలికి చుట్టి వదిలింది.

"విడిగానే ఉంటున్నాం మేడమ్. ఆయన ముందు గదిలో పడుకుంటాడు, నేను వంటింటి పక్క గదిలో. రెండేళ్ళు దాటింది."

"అది పడక. నేనడిగేది కాపురం."

కింద జిరాక్సు దుకాణంలో మిషను ఆగకుండా కొట్టుకుంటోంది. ఆ అదురుకి బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. లాయరమ్మకి జలుబు. ముక్కు తుడుచుకుంటూ, ఫైలు తిరగేస్తూ అడుగుతోంది. రేపు వాయిదా. కోర్టులో అడిగేవన్నీ ముందురోజు తనే ఒకసారి అడిగి చూసుకోవడం ఆవిడ అలవాటు.

"వంట ఎవరు చేస్తారు?"

"నేనే."

"మీకు మీరు చేసుకుంటారు, సరే. ఆయనకి?"

"ఆయనకీ నేనే. ఒకరికైనా ఇద్దరికైనా తోమేది అదే గిన్నె కదా."

"బట్టలు?"

"అన్నీ కలిపే నానబెడతాను."

లాయరమ్మ పెన్నుకి మూత పెట్టేసింది. "ఫారంలో అడిగాం కదమ్మా. ఏడాదికి పైగా విడిగా ఉంటున్నారా అని. అవును అని టిక్కు పెట్టారు."

"ఉంటున్నాం కాబట్టే పెట్టాను."

లాయరమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. తర్వాత చిన్నపిల్లకి చెప్పినట్టు మొదటి నుంచి చెప్పింది. విడాకులకి ఇద్దరూ ఒప్పుకుంటే ఒక దారి. ఆయన ఒప్పుకోలేదు. ఆయన తప్పు రుజువు చేస్తే ఇంకో దారి. కొట్టలేదు, తాగడు.

"ఇంకో ఆడమనిషి ఉందా అని కూడా అడిగాను మిమ్మల్ని. నవ్వారు."

"ఆయనకా? అంత ఓపిక ఎక్కడిది మేడమ్."

"అందుకే కొత్త చట్టంలో వచ్చిన మూడో దారి పట్టాం. ఏడాది విడిగా ఉంటే చాలు, తప్పెవరిదని కోర్టు అడగదు. ఒకే ఇంట్లో ఉన్నా ఫర్వాలేదు. కానీ ఆ ఇంట్లో రెండు కాపురాలుండాలి. పొయ్యి వేరు, పళ్ళెం వేరు, బట్టల తాడు వేరు. మీరు వండి పెడుతూ, ఉతికి పెడుతూ ఉంటే కోర్టు దాన్ని కాపురమే అంటుంది."

"నేను పని అంటాను."

"మీ దుకాణంలో ఎవరికో కుట్టిపెడితే అది పని. చీటీ ఉంటుంది, తేదీ ఉంటుంది, వాడు కస్టమరు. ఇంట్లో కుట్టిపెడితే వాడు మొగుడు. చట్టానికి తెలిసిన తేడా అంతేనమ్మా."

లాయరమ్మ కాగితాలకి చిల్లులు పొడిచి, ఆకుపచ్చ తాడు దూర్చి ముడి వేసింది. వదులు ముడి. రెండుసార్లు లాగితే ఊడిపోయే ముడి. ఆమె చేతులు దాన్ని సరిచేయడానికి లేచి మళ్ళీ ఒళ్ళో పడ్డాయి.

"ఏదో ఒకటి జరిగే ఉంటుందిగా," అంది లాయరమ్మ. "ఇన్నేళ్ళ తర్వాత ఎందుకొచ్చారు మీరు?"

"మా అమ్మ పోయినరోజు పొద్దున్నే ఫోనొచ్చింది. విని, పెట్టేసి, మంచం మీద కూర్చున్నాను. ఆయన విన్నాడు. వచ్చి ఒళ్ళో చొక్కా పెట్టాడు. గుండీ ఊడింది."

"తిట్టాడా?"

"లేదు. ఏమీ అనలేదు. పెట్టాడంతే."

"మీరేం చేశారు?"

"కుట్టాను. డ్యూటీకి టైమైంది ఆయనకి."

లాయరమ్మ పెన్ను మూత తీయలేదు. "ఇది పిటిషన్లో రాయడానికి రాదమ్మా."

"తెలుసు మేడమ్. అందుకే ముందు చెప్పలేదు."

మెట్ల దాకా వచ్చి లాయరమ్మ గొంతు తగ్గించింది. "రేపు అడిగితే వంట వేరు, బట్టలు వేరు అని చెప్పండి. ఇంట్లోపల జరిగింది ఎవరు చూశారు? ఒక్క మాట. మూడో వాయిదాకి అయిపోతుంది. లేకపోతే మొదటికొస్తుంది."

దుకాణానికి వచ్చేసరికి రెండయింది. పాత బట్టలు సరిచేసే దుకాణం అది. బిగుతైనవి వదులు చేస్తారు, పొడుగైనవి మడిచి కుడతారు, జిప్పులు మారుస్తారు. ఆమె పని గుండీలు, చేతి కుట్టు. పద్నాలుగేళ్ళుగా అదే. అందరూ గుండీలక్క అంటారు. కస్టమర్లక్కూడా అసలు పేరు తెలియదు.

బల్ల దగ్గర ఆవిడే కూర్చోవాలి, చీటీలు కూడా ఆవిడే రాయాలి. చీటీ పుస్తకంలో ప్రతి కాగితం మధ్యలో చిల్లుల గీత ఉంటుంది. పై ముక్క బట్టకి గుచ్చుతారు, కింది ముక్క కస్టమరుకి ఇస్తారు. రాసిందంతా కార్బన్ కింది కాగితం మీద పుస్తకంలో మిగిలిపోతుంది. పేరు, పని, తేదీ. ఒకసారి ఎవరో వచ్చి నా కోటు మార్చేశారని గొడవ చేశాడట. అప్పటి నుంచి దుకాణం నడిపే మాస్టరు ఒక్క పుస్తకం కూడా పారేయలేదు. అన్నీ ఇనప్పెట్టెలో ఉన్నాయి. చీటీ లేకుండా దుకాణంలోకి వచ్చే బట్ట మాస్టరు ఇంటి బట్ట ఒక్కటే.

"ఏమన్నారక్కా?" అంది కాజాలమ్మాయి. పేరుకే అమ్మాయి, నలభై దాటింది. కాజా మిషనూ గుండీ మిషనూ రెండూ ఆవిడవే.

"ఏడాది లెక్క మళ్ళీ చూడాలట."

"పెళ్ళికి ఒక పూట పట్టింది. ఇదేంటక్కా, ఇల్లు కట్టినట్టు."

మాస్టరు కత్తెర ఆపకుండా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వి ఒక కోటు తీసుకుంది. గుండీ కింద అగ్గిపుల్ల పెట్టింది. నాలుగు రంధ్రాల్లో కింది రంధ్రం నుంచి దారం పైకి తీసి, మిగతా మూడింటిలోకి మూడు పోగులు దింపింది. కాకికాలు. ఆ పేరు పెట్టింది మాస్టరే. ఎదురెదురు రంధ్రాల్లో అడ్డంగా కుట్టడం అందరికీ తెలుసు. మూడు వేళ్ళు చాపినట్టు కుట్టేది ఈవిడొక్కతే. అగ్గిపుల్ల లాగేసి, గుండీ మెడకి దారం మూడు చుట్లు బిగించి, వెనక ముడి వేసి, ముడిని రెండు పొరల మధ్యకి లాగేసింది. బట్ట చిరగాలి కానీ గుండీ ఊడదు.

ఇంటికి వెళ్ళేసరికి వంటింట్లో ఖాళీ కూజా బల్ల మీద ఉంది. అంటే నీళ్ళు లేవని. అతను బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్ని గంటలకి లోపలికొచ్చిందో, ఎన్ని గంటలకి బయటికెళ్ళిందో చీటీ మీద రాసి ఇస్తాడు. ఒక్క నిమిషం ఆలస్యమైనా రాస్తాడు. డ్రైవర్లు బతిమాలినా మార్చడు. ఇంట్లో అతనికి మాట అవసరం పడదు. వస్తువులు పెడతాడు. ఖాళీ గ్లాసు పెడితే టీ. చెప్పుల మీద చెప్పులు పెడితే కుట్టించాలి. మూడేళ్ళ కిందట ఒకసారి "కరెంటు పోయింది" అన్నాడు. అది కూడా గోడతో అన్నాడేమో.

ఆమె కూజా నింపింది. కూరగాయలు తరిగింది. పొయ్యి వెలిగించాక ఒక్క క్షణం అలాగే నిలబడింది. ఒకరికా, ఇద్దరికా? లాయరమ్మ మాట చెవిలో ఉంది. కానీ గిన్నెలో నీళ్ళు అప్పటికే ఇద్దరికి సరిపడా పోసేసింది. అతని పళ్ళెం బల్ల మీద పెట్టింది. అతను తిన్నాడు. ఆమె వంటింట్లో నిలబడి తింది.

ఎనిమిదిన్నరకి కుర్చీ మీద తెల్లచొక్కా కనిపించింది. పైనుంచి మూడో గుండీ లేదు.

ఆమె గుండీల డబ్బా తీసింది. తెల్లటివి ఏరి, చొక్కా మీదున్న వాటితో సరిపోయే గుండీ వెతికింది. దారం కొరికి, సూదిలో ఎక్కించి, అగ్గిపుల్ల పెట్టింది. మూడు పోగులు. మూడు చుట్లు. ముడి లోపలికి లాగి, దారం పళ్ళతో తెంపింది.

తెంపాక తట్టింది. ఇది అతను రేపు కోర్టుకి వేసుకోబోయే చొక్కా.

డబ్బాలోంచి బ్లేడు తీసింది. గుండీ మెడ కింద ఆనించింది. కొత్త గుండీ గట్టిగా, నిటారుగా నిలబడి ఉంది. మంచి కుట్టు. అలా ఎంతసేపు ఆనించి ఉంచిందో, వెనక నుంచి చెయ్యి వచ్చి చొక్కా తీసుకుంది. అతను దాన్ని హ్యాంగరుకి తగిలించుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. బ్లేడు అతను చూశాడో లేదో. చూసినా అడగడు.

మర్నాడు కోర్టు వరండాలో బెంచీ ఒక్కటే ఖాళీ ఉంది. ఆమె ఈ చివర, అతను ఆ చివర కూర్చున్నారు. మధ్యలో ఎవరో ముసలాయన కూర్చుని ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, "ఏ కేసమ్మా?" అన్నాడు.

"విడాకులు."

"ఆయన రాలేదా?"

ఆమె చెయ్యి చూపించింది. ముసలాయన లేచి గోడవారకి వెళ్ళి నిలబడ్డాడు.

పదింటికి రమ్మన్నారు. పిలిచేసరికి పన్నెండున్నర. లోపల ఫ్యాను శబ్దం ఎక్కువ, గాలి తక్కువ. అతని లాయరు జుట్టుకి రంగేసుకున్న పెద్దమనిషి. పిటిషన్‌కి జవాబుగా అతని తరఫున దాఖలు చేసిన కౌంటరు పైకి చదివాడు. తన భార్యతో తనకి ఏ గొడవా లేదనీ, ఆమె రోజూ వంట చేసి, బట్టలుతికి, భార్యగా తన విధులన్నీ సక్రమంగా నిర్వర్తిస్తోందనీ, ఆమె మీద తనకి ఎలాంటి ఫిర్యాదూ లేదనీ అందులో ఉంది.

ఇరవై ఆరేళ్ళలో అతను ఆమెని మెచ్చుకున్నది ఆ కాగితంలోనే.

"విడిగా ఉంటున్నామని పిటిషనర్ అంటున్నారు," అన్నాడు జడ్జిగారు. ఆయన ఒక కన్ను గోడ గడియారం మీద ఉంచి మాట్లాడుతున్నాడు. "మీరేమంటారు?"

అతను లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. మాట్లాడటం అలవాటు తప్పినవాడిలా ఒక్కో మాటా తీసి బయట పెట్టాడు.

"విడిగా లేమండీ. నిన్న రాత్రి భోజనం ఆవిడ వండిందే. ఈ చొక్కా ఆవిడ ఉతికిందే." వేలితో ఛాతీ మీద చూపించాడు. "ఈ గుండీ నిన్న రాత్రి ఆవిడ కుట్టిందే. అడగండి."

జడ్జిగారు ఆమె వైపు తిరిగాడు. "కుట్టారా?"

లాయరమ్మ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, కళ్ళు మాత్రం ఆమె మీద ఉంచింది. కాదనండి. ఒక్క మాట.

ఆమె చొక్కా వైపు చూసింది. ఆరడుగుల దూరం. అక్కడి నుంచి కూడా మూడు పోగులు కనిపిస్తున్నాయి. చుట్టుపక్కల అలా కుట్టేది తనొక్కతే. కాదంటే ఎవరు కుట్టినట్టు? పద్నాలుగేళ్ళుగా ఒక్క గుండీ ఊడి వెనక్కి రాలేదు. ఇంకెవరో కుట్టారని ఆ గుండీ ఎదురుగా నిలబడి చెప్పడం ఆమెకి చేతకాలేదు.

"నేనేనండీ," అంది.

లాయరమ్మ రుమాలు మడిచి చేతిసంచిలో పెట్టేసుకుంది.

"ఆయన ఏ లోటూ లేదంటున్నారు కదమ్మా," అన్నాడు జడ్జిగారు. గొంతు మెత్తగానే ఉంది. "మీకేం లోటు?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"అలిసిపోయానండీ."

గుమాస్తా పెన్ను ఎత్తాడు. "రాయమంటారా సార్?"

"అక్కర్లేదు," అన్నాడు జడ్జిగారు.

పిటిషన్ కొట్టేయించుకోకుండా వెనక్కి తీసుకుంటామని లాయరమ్మ అడిగింది. నిజంగా విడిగా ఉన్న ఏడాది తర్వాత మళ్ళీ వేసుకోవచ్చని జడ్జిగారు రాయించాడు. మొత్తం పది నిమిషాలు. తర్వాతి కేసువాళ్ళు అప్పటికే లోపలికొచ్చి నిలబడ్డారు.

వరండాలో లాయరమ్మ కోప్పడలేదు. కోప్పడటానికి ఆవిడకీ ఓపిక లేదు.

"ఇవాళ తేదీ రాసిపెట్టుకోండి. ఇవాళ్టి నుంచి ఏడాది. మధ్యలో ఒక్కరోజు వండి పెట్టారంటే మళ్ళీ ఆ రోజు నుంచి లెక్క."

"ఇల్లు వదిలి వెళ్ళనా?"

"ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది. బయటికొస్తే లోపలికి రావడానికి ఇంకో కేసు. అక్కడే ఉండండి. కానీ చెయ్యకండి." ఆగి అంది, "ఈసారి మాట కాదమ్మా, కాగితం కావాలి. మీరు ఆయనకి ఎవరూ కాదని, తేదీతో సహా చూపించే కాగితం. ఇంట్లో అలాంటిది ఎక్కడ దొరుకుతుందో నాకూ తెలియదు."

అతను మెట్లు దిగి వెళ్ళిపోతున్నాడు. తెల్లచొక్కా నలగలేదు. ఇస్త్రీ మంచిది.

ఆ సాయంత్రం ఆమె చిన్న గిన్నె పెట్టింది. ఒకరికి. ఎన్ని నీళ్ళు పోయాలో తెలియక ఎక్కువ పోసింది. అతను వచ్చి ఖాళీ బల్ల ముందు కూర్చున్నాడు. పది నిమిషాలు కూర్చుని తన పళ్ళెం తనే తెచ్చి ముందు పెట్టుకున్నాడు. ఖాళీ పళ్ళెం. అది కూడా చెప్పడమే. ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి వీధి తలుపు చప్పుడయింది. డిపో క్యాంటీనుకి వెళ్ళి ఉంటాడు.

మానేయడం కూడా పనే అని ఆమెకి అప్పుడు తెలిసింది. గుడ్డ పట్టుకుని బల్ల తుడుస్తుంటే చెయ్యి అతను కూర్చునే వైపుకి దానంతటదే పోయేది. వెనక్కి లాక్కునేది. బట్టలు నానబెట్టేటప్పుడు అతని చొక్కాలు రెండు బకెట్లో పడ్డాక తీసి, పిండి, తడితడిగా కుర్చీ మీద వేసింది. కుర్చీ మీద మొదటిరోజు ఒక చొక్కా. రెండోరోజు రెండు. మూడోరోజుకి బనియన్లు, తువ్వాలు. నాలుగోరోజు అతను మొదటిరోజు చొక్కానే దులిపి వేసుకెళ్ళాడు.

వేరే ఊళ్ళో ఉన్న కూతురు ఫోను చేసింది. "నాన్న చేశాడమ్మా. ఏమీ మాట్లాడలేదు. ఫోను పట్టుకుని ఊరికే ఉన్నాడు. ఏమైంది?"

"ఏమీ కాలేదు. కోర్టు వేరుగా ఉండమంది. ఉంటున్నాను."

"తిన్నాడా?"

"అది నన్నడుగుతావేమే?"

"అవును. నిన్నెందుకడిగాను," అంది.

అయిదోరోజు ఆడపడుచు వచ్చింది. అతనికి అక్క. మెట్లెక్కుతూనే మొదలుపెట్టింది.

"ఏమ్మా, కోర్టు కుదరదంది కదా, ఇంకా ఏమిటీ పంతం?"

"కుదరదనలేదు వదినా. ఏడాది ఆగి రమ్మంది."

"ఏడాది వాడేం తినాలి?"

"నాకు తెలియదు వదినా."

"తెలియదట! మొగుడి చొక్కా ఉతికితే చేతులు అరిగిపోతాయా?"

"అరిగాయి. చూపించమంటారా?"

వదిన చూడలేదు. కొంగు బిగించి, కుర్చీ మీది బట్టలన్నీ చంకలో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. అతను అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మొదటి చొక్కా ఉతికింది. రెండో చొక్కా మెడపట్టీ బ్రష్షుతో రుద్దింది. పోలేదు.

"వీడు మెడకేం పూసుకుంటాడే? ఇంత జిడ్డు!"

"తలనూనె వదినా. ముందు సబ్బు పట్టించి పావుగంట వదిలేయాలి. తర్వాత రుద్దాలి."

చెప్పింది కానీ లేవలేదు. మూడో చొక్కాకి వదిన నడుం పట్టుకుని గోడకి ఆనుకుంది. తమ్ముడి వైపు తిరిగి, "నోరు తెరిచి ఒక్క మాట అనరా. దాన్ని ఉండమనరా," అంది.

అతను లేచాడు. లోపలికెళ్ళి ఖాళీ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"గ్లాసు కాదురా! నోరు!"

అతను గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు. వదిన కాసేపు అతన్నే చూసింది. మిగిలిన బట్టలు బకెట్లోనే వదిలేసి చేతులు తుడుచుకుంది. "నాకూ ఓ ఇల్లుంది," అని చెప్పులేసుకుంది. గుమ్మం దిగి, మళ్ళీ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"ఒకే ఇంట్లో ఉన్నా సరేనంటగా?"

"అవును వదినా. పొయ్యి వేరుండాలి."

"ఏడాది చాలా?"

"చాలు."

వదిన తల పంకించింది. "అడిగానని వాడితో అనకు," అని వెళ్ళిపోయింది.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం దుకాణంలో రద్దీగా ఉంది. బల్ల ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆమె ఒకరి లంగా పొడుగు కొలుస్తూ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. ఆ పని ముగించి తల ఎత్తేసరికి నాలుగోవాడు అతను.

డిపో యూనిఫాం చొక్కా చేతిలో ఉంది. ఖాకీ. మొదటి గుండీ లేదు. పై ఆఫీసరు తనిఖీకి వచ్చే వారం అది. యూనిఫాంలో గుండీ లేకపోతే వాళ్ళూ రాస్తారు.

తన వంతు వచ్చాక అతను చొక్కా బల్ల మీద పెట్టాడు. పెట్టి, పక్కకి జరిగి, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంట్లో కుర్చీ మీద పెడితే పని కాలేదు. ఇక్కడ పెట్టాడు. ఇక్కడైతే అవుతుంది, ఆమె కూర్చునేది ఇందుకేగా. అంతకు మించి అతను ఆలోచించినట్టు మొహంలో ఏమీ లేదు.

కాజాలమ్మాయి మిషను ఆపేసింది. మాస్టరు కత్తెర కూడా ఆగింది.

ఆమె చేతివేళ్ళు డబ్బాలో ఖాకీ గుండీల గడి దాకా వెళ్ళాయి. అక్కడే ఆగాయి. ఎంతసేపో కాదు. లాయరమ్మ మాటలు ఒకటొకటిగా వచ్చి వరసలో నిలబడ్డాయి. చీటీ ఉంటుంది, తేదీ ఉంటుంది, వాడు కస్టమరు.

ఆమె డబ్బా మూత పెట్టేసింది. చీటీ పుస్తకం ముందుకి లాక్కుంది. కార్బన్ సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.

"పేరు?" అంది.

అతను వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. చొక్కాని ఒక అంగుళం ముందుకి తోశాడు.

"పేరు చెప్పండి. చీటీ రాయాలి."

"చొక్కా," అన్నాడు అతను.

"చొక్కా కనిపిస్తోంది. పేరు."

అతని మెడ మీద చెమట పట్టింది. మాస్టరు వైపు చూశాడు. మాస్టరు కొలతల టేపు చుట్టుకుంటూ, "చీటీ లేకుండా తీసుకోం సార్," అన్నాడు.

అతను తన పేరు చెప్పాడు. సగం గొంతులోనే ఉండిపోయింది.

"వినపడలేదు."

మళ్ళీ చెప్పాడు. ఈసారి దుకాణం అంతా వినపడింది.

"ఇంటిపేరు?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. అలా చూసి ఎన్నేళ్ళయిందో ఆమె లెక్క పెట్టలేదు. ఇంటిపేరు చెప్పాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె సంతకంలో ఉన్న ఇంటిపేరే అది. ఎప్పుడూ వినని పేరులా అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసింది. పని అన్న చోట 'గుండీ ఒకటి' అని రాసింది. తేదీ దగ్గర సంవత్సరం కూడా పూర్తిగా రాసింది. కార్బన్‌లోకి దిగేలా పెన్ను గట్టిగా నొక్కింది.

చిల్లుల గీత మీద మడిచి చింపింది. పై ముక్క కాలరుకి గుచ్చింది. కింది ముక్క అతనికి ఇచ్చింది.

అతను చీటీ చూసుకున్నాడు. రోజూ రెండు వందల చీటీలు రాసే మనిషి. చీటీ దేనికో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. పేరు దాటి, పని దాటి, తేదీ దగ్గర చూపు ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"చేత్తోనా అక్కా, మిషన్ మీదా?" అని అడిగింది కాజాలమ్మాయి.

"మిషన్ మీద."

చొక్కా బల్ల మీంచి కాజాలమ్మాయి బుట్టలోకి వెళ్ళిపోయింది. అతను దాని వెంట చూశాడు. పెదవులు రెండుసార్లు కదిలాక మాట వచ్చింది.

"మిషన్ మీద కుడితే ఊడిపోతుంది."

ఆమె చెయ్యి కార్బన్ మీద ఒక్క క్షణం ఆగింది. అతనికి తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలుసు.

"ఊడితే మళ్ళీ తీసుకురండి," అంది. "ఇంకో చీటీ రాస్తాం."

కార్బన్ తీసి తర్వాతి చీటీ కింద పెట్టుకుంది. అతని భుజం పక్క నుంచి వెనకవాళ్ళ వైపు చూసింది.

"తర్వాత ఎవరండీ?"